ఆక్సిజన్ పుట్టడం వేరు, మిగలడం వేరు

2019 ఆగస్టులో అమెజాన్ అడవులు తగలబడుతున్నప్పుడు ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ మొదలుకొని మన వాట్సాప్ గ్రూపుల దాకా అందరూ ఒకే మాట అన్నారు: భూమి మీది ఆక్సిజన్‌లో 20 శాతం ఆ అడవే ఇస్తోందని. అది తప్పని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పినా ఆ అంకె మాత్రం చావలేదు. ఈమధ్య మా కాలనీలో మొక్కలు నాటే కార్యక్రమానికి వచ్చిన వక్త ఒకరు దాన్ని మళ్ళీ వల్లించి, రావిచెట్టు రాత్రింబవళ్ళు ఆక్సిజన్ వదులుతుందని జోడించి, అక్కడితో ఆగక భూమి చరిత్రలోకి వెళ్ళి, కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో పుట్టిన నాచులాంటి సూక్ష్మజీవులు ఆక్సిజన్ వదిలి వదిలి ఈ గాలినంతా నింపాయని ముగించారు. రావిచెట్టు సంగతి తేల్చడం తేలిక; వెలుతురు లేనిదే ఏ ఆకూ ఆక్సిజన్ ఇవ్వదని 1779లోనే డచ్ శాస్త్రవేత్త ఇంగెన్‌హౌజ్ చూపించాడు. నాకు పట్టుకున్నది ఆ చివరి వాక్యం. అది అబద్ధం కాదు, పాఠ్యపుస్తకాల్లోనూ దాదాపు అదే రాసి ఉంటుంది. అయినా అమెజాన్ అంకెను పుట్టించిన పొరపాటే దాని లోపల కూడా దాక్కుని ఉంది.

తయారైనదంతా మిగులుతుందనుకోవడమే ఆ పొరపాటు. ఆక్సిజన్‌ను తయారు చేసింది సయనోబాక్టీరియా, అంటే ఆ వక్త చెప్పిన నాచులాంటి సూక్ష్మజీవులు, అన్నదాంట్లో నాకు సందేహం లేదు. కానీ అది గాలిలో నిలవడానికి కారణం వాటి శ్రమ ఒక్కటే కాదు. వాటి కళేబరాలు కుళ్ళకుండా బురద కింద పూడిపోవడం, భూగర్భం నుంచి వచ్చే వాయువులు తగ్గడం, ఖండాలు నీటిపైకి తేలడం, హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోవడం వంటి, జీవంతో నేరుగా సంబంధం లేని పనులు కూడా అందుకు అంతే కారణమని నా అభిప్రాయం. ఈ కథలో సూక్ష్మజీవికి నాయకపాత్ర ఇచ్చి, రాతికీ బురదకూ కనీసం పేరైనా లేకుండా చేస్తున్నాం.

బాణం గుర్తు తిప్పితే

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్నీ శ్వాసక్రియ సమీకరణాన్నీ పక్కపక్కన రాసుకుని నా దగ్గరకు తెచ్చింది. "బాబాయ్, రెండూ ఒకటే కదా, బాణం గుర్తే కదా మారింది. మరి చెట్టు ఇచ్చిన ఆక్సిజన్ ఎవరికి మిగులుతుంది?" అని అడిగింది. పరీక్షలో అడగరు కాబట్టి టీచర్ దాటవేశారట. ఈ విషయంలో అంతకంటే మంచి ప్రశ్న నేను పెద్దల నోట కూడా వినలేదు.

ఆ పిల్ల పట్టుకున్నది నిజమే. ఒక ఆకు ఒక కార్బన్ పరమాణువును చక్కెరగా కట్టినప్పుడు ఒక ఆక్సిజన్ అణువు బయటికి వస్తుంది. ఆ చక్కెరను చెట్టు తానే వాడుకున్నా, ఆవు మేసినా, రాలిన ఆకును శిలీంధ్రాలు తిన్నా, నిప్పంటుకుని కాలినా, అంతే ఆక్సిజన్ తిరిగి ఖర్చయిపోతుంది. ఎదిగిన అడవిలో ఏడాదికి ఎంత పెరుగుతుందో దాదాపు అంత కుళ్ళుతుంది. అందుకే అమెజాన్ నుంచి ప్రపంచానికి మిగులుగా అందే ఆక్సిజన్ సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఆ అడవిని కాపాడడానికి వానలు, జీవజాతులు, అందులో నిలిచి ఉన్న కార్బన్ వంటి కారణాలు కావలసినన్ని ఉన్నాయి, ఆక్సిజన్ మాత్రం వాటిలో ఒకటి కాదు.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. గాలిలో ఉన్న ఆక్సిజన్ బరువు సుమారు 12 కోట్ల కోట్ల టన్నులు. నేల మీదా నీటిలోనూ ఉన్న మొక్కలూ శైవలాలూ సూక్ష్మజీవులూ తమ శ్వాసకు పోను ఏటా పైకి వదిలేది ఉజ్జాయింపుగా 28,000 కోట్ల టన్నులు. ఎవరూ ఊపిరి తీసుకోకుండా, ఏదీ కుళ్ళకుండా ఉంటే ఇప్పుడు గాలిలో ఉన్నంత ఆక్సిజన్ నాలుగు వేల ఏళ్ళ పైచిలుకులోనే పోగుపడాలి. భూమి వయసుతో పోలిస్తే నాలుగు వేల ఏళ్ళు లెక్కలోకి రావు. తయారీయే ముఖ్యమైతే గాలి ఏనాడో ఆక్సిజన్‌తో నిండి, ప్రతి అడవీ పిడుగు పడగానే భగ్గుమనాలి. అలా జరగలేదు. మరోవైపు, నేల మీద ఉన్న జీవరాశినంతా ఒక్కరోజులో తగలబెట్టినా గాలిలో ఆక్సిజన్ ఒక శాతం కూడా తగ్గదు. అంటే గాలిలోని నిల్వకు, ఇవాళ బతికి ఉన్న పచ్చదనానికి నేరుగా పొంతన లేదు.

పొంతన ఉన్నది చచ్చిపోయి కుళ్ళకుండా మిగిలిన దానితో. సముద్రంలో తయారైన సేంద్రియ పదార్థంలో అడుగున బురదలో శాశ్వతంగా చేరేది వెయ్యింట కొన్ని వంతులకు మించదు. అలా పూడిపోయిన ప్రతి కార్బన్ పరమాణువుకూ జతగా ఒక ఆక్సిజన్ అణువు పైన ఒంటరిగా మిగులుతుంది. జమాఖర్చుల పుస్తకంలో గాలిలోని ఆక్సిజన్ ఒక వైపు పద్దయితే, బురద గట్టిపడి ఏర్పడిన షేల్ రాళ్ళలో సన్నగా పరుచుకుని ఉన్న నల్లటి కార్బన్ రెండో వైపు పద్దు. సింగరేణి బొగ్గూ, కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసూ ఆ రెండో పద్దులో కంటికి కనిపించే చిన్న భాగాలు మాత్రమే. అసలు మొత్తం ఎవరూ తవ్వని మామూలు రాతిలో ఉంది, అది గాలిలో ఉన్న ఆక్సిజన్‌కు జత కావలసిన దానికంటే కూడా ఎన్నో రెట్లు. ఆ మిగతా ఆక్సిజన్ ఇనుముతోనూ గంధకంతోనూ కలిసి రాతిలోకీ సముద్రపు ఉప్పులోకీ చేరిపోయింది. పూడ్చే పని ఇప్పటికీ సాగుతోంది. హిమాలయాల నుంచి గంగా బ్రహ్మపుత్రలు మోసుకొచ్చే మట్టి బంగాళాఖాతం అడుగున వేగంగా పరుచుకుని, తనతో వచ్చిన ఆకూ అలమూ కుళ్ళే లోపే కప్పేస్తుంది. మన తూర్పు తీరం ముందున్న సముద్రం ప్రపంచంలోని పెద్ద పూడికస్థలాల్లో ఒకటి.

ఇక్కడే తొలి సూక్ష్మజీవుల కథ మారుతుంది. పూడ్చాలంటే బురద కావాలి, బురద కావాలంటే కొండలు అరగాలి, కొండలు అరగాలంటే నేల నీటి పైకి రావాలి. ఆ పని సయనోబాక్టీరియా చేయలేదు.

ఇనుము సాక్ష్యం ఎంతవరకు నమ్మవచ్చు

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు మార్గంలో అరకు దగ్గర నిలబడితే, ఎదురుగా వచ్చే గూడ్సు బండి నిండా ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుప ఖనిజం కనిపిస్తుంది. 1960లలో జపాన్‌కు ఎగుమతి కోసం వేసిన లైను అది. ఇప్పుడు విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా అదే ఖనిజం చేరుతుంది. పెట్టె అంచు నుంచి రాలిపడిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంటే దాని బరువు ముందుగా ఆశ్చర్యపరుస్తుంది. పైకి ఉక్కు రంగులో మెరుస్తున్నా గచ్చు మీద గీస్తే గీత ఎర్రగా పడుతుంది. శుద్ధమైన హెమటైట్ (ఇనుమూ ఆక్సిజనూ కలిసిన ఖనిజం) అయితే టన్నుకు 300 కిలోలు ఆక్సిజనే. బ్లాస్ట్ ఫర్నేస్‌లో మనం చేసే పని, బొగ్గులోని కార్బన్‌ను ఎర చూపి ఆ 300 కిలోలనూ ఇనుము నుంచి విడదీయడం. 2021 ఏప్రిల్‌లో ఆసుపత్రులు ఆక్సిజన్ కోసం అల్లాడుతున్నప్పుడు తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్‌లలో ఒకటి ద్రవ ఆక్సిజన్ నింపుకుని మహారాష్ట్రకు బయలుదేరింది కూడా విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే. ఆ రోజుల్లో ఈ రెండు సంగతులనూ కలిపి ఆలోచించినవాళ్ళు ఎందరో నాకు తెలియదు.

ఇలాంటి ఖనిజం దొరికే, పట్టీలు పట్టీలుగా ఉండే ఇనుపరాయి గురించి పాఠ్యపుస్తకం చెప్పేది చాలా అందంగా ఉంటుంది: ప్రాచీన సముద్రంలో ఇనుము కరిగి ఉండేది, సయనోబాక్టీరియా వదిలిన ఆక్సిజన్ దాన్ని తుప్పుగా మార్చి అడుగుకు దించింది, ఇనుమంతా అయిపోయాక ఆక్సిజన్ గాలిలోకి వచ్చింది. అమెరికా భూవిజ్ఞాని ప్రెస్టన్ క్లౌడ్ 1960ల నుంచి ఈ దిశలో వాదించాడు. నా సిద్ధాంతానికి ఇది అనుకూలమే, ఎందుకంటే తయారైన ఆక్సిజన్ వెంటనే ఖర్చయిందని ఇదీ చెబుతోంది. అయినా ఇది నాకు పూర్తిగా నచ్చదు. గ్రీన్‌లాండ్‌లోని ఇసువాలో ఇలాంటి రాయి 370 కోట్ల ఏళ్ళకు పైబడినది ఉంది, అప్పటికి ఆక్సిజన్ వదిలే జీవులు ఉన్నాయనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఆక్సిజన్ ప్రమేయమే లేకుండా, సూర్యకాంతితో ఇనుము నుంచి నేరుగా ఎలక్ట్రాన్లు లాక్కుని దాన్ని తుప్పుగా మార్చగల బాక్టీరియా ఉన్నాయని 1993లో జర్మనీలోని శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. కాబట్టి బైలాడిలా ముక్కలోని ఆక్సిజన్ ఒకప్పుడు గాలికి పోవలసినదేనని ప్రమాణం చేసి చెప్పడానికి నేను సిద్ధంగా లేను. ఇనుపరాయి ఆక్సిజన్‌కు వేలిముద్ర అని రాసేవాళ్ళు కొంచెం నెమ్మదిస్తే మంచిది.

నేను ఎక్కువగా నమ్మేది గంధకాన్ని. 2000లో ఫార్క్వార్, బావో, థీమెన్స్ ముగ్గురూ చూపించింది ఇది: సుమారు 240 కోట్ల ఏళ్ళకు ముందటి రాళ్ళలో గంధకపు ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న గంధక పరమాణువుల) నిష్పత్తి మామూలు రసాయన చర్యల్లో రానంత విచిత్రంగా ఉంటుంది, ఆ తరువాతి రాళ్ళలో ఆ విచిత్రం మాయమవుతుంది. ఓజోన్ కవచం లేని గాలిలో అగ్నిపర్వతాల గంధక వాయువును అతినీలలోహిత కిరణాలు చీల్చినప్పుడే అటువంటి నిష్పత్తి వస్తుంది, ఆక్సిజన్ ఇప్పటి మొత్తంలో లక్షో వంతు చేరినా అది చెరిగిపోతుంది. రెండో సాక్షి నదుల అడుగు గులకరాయి. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లోనూ, మనకు దగ్గరగా కర్ణాటకలోని బాబాబుడన్ కొండల అడుగు పొరల్లోనూ పైరైట్ (ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం), యురేనినైట్ (యురేనియం ఖనిజం) రేణువులు నీటి ప్రవాహంలో దొర్లి గుండ్రబడి ఉన్నాయి. ఆక్సిజన్ ఉన్న గాలిలో ఆ రెండూ అంత దూరం దొర్లే లోపే కరిగిపోవాలి.

యురేనియం మాట వచ్చింది కాబట్టి పులివెందుల పక్కనున్న తుమ్మలపల్లె సంగతి కూడా చెప్పాలి. అక్కడ యురేనియం రేణువులుగా దొర్లి రాలేదు, వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) పొరల్లో, నీటిలో కరిగి వచ్చి స్థిరపడిందని భూవిజ్ఞానులు భావిస్తారు. ఆ లోహం నీటిలో కరగాలంటే ఆక్సిజన్ తగలాలి. బాబాబుడన్ గులకరాళ్ళకూ తుమ్మలపల్లెకూ మధ్య కాలంలో ఎప్పుడో గాలి మారిపోయింది.

ఆలస్యమే జరగలేదనే వాదన

నా వాదనకు గట్టి దెబ్బ తగలగల చోటు ఒకటుంది. ఆక్సిజన్ వదలడం ఎంతో ముందే మొదలైందనీ, గాలిలో నిలవడానికి కోట్ల ఏళ్ళు పట్టిందనీ అనుకుంటేనే భూమి పాత్రకు అంత ప్రాముఖ్యం వస్తుంది. సయనోబాక్టీరియా అసలు పుట్టిందే 240 కోట్ల ఏళ్ళ కిందట అయితే, పుట్టగానే గాలిని మార్చేసినట్టే కదా, బురదా ఖండాలూ ఎందుకు?

ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. ఆస్ట్రేలియా షేల్ రాళ్ళలో 270 కోట్ల ఏళ్ళనాటి సయనోబాక్టీరియా కొవ్వు అణువులు దొరికాయని 1999లో ప్రకటించినప్పుడు అందరూ నమ్మారు. తరువాత అవి రాతి పుట్టుకతో వచ్చినవి కావనీ, ఆ తరువాత చేరిన మలినాలనీ తేలింది. 2015 నాటికి ఆ ఆధారం పూర్తిగా చేజారిపోయింది. 2017లో రోషెల్ సూ, వుడ్వర్డ్ ఫిషర్ తదితరులు సయనోబాక్టీరియాకు దగ్గరి బంధువులైన బాక్టీరియా జన్యువులు పరిశీలించి, వాటి పూర్వీకుల్లో కిరణజన్య సంయోగక్రియ లేదనీ, సయనోబాక్టీరియా ఆ విద్యను ఆలస్యంగానే సంపాదించాయనీ వాదించారు. వాళ్ళ వాదన నిలిస్తే నేను చెప్పేదాంట్లో సగం పలచబడుతుంది.

అయినా నేను ఇటువైపే మొగ్గుతున్నాను. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మౌంట్ మెక్‌రే షేల్‌లో 250 కోట్ల ఏళ్ళనాటి పొరల్లో మాలిబ్డినం హఠాత్తుగా పెరిగి తగ్గిందని 2007లో ఆన్‌బార్ బృందం చూపించింది. నేల మీద పైరైట్ ఆక్సీకరణ చెందితేనే ఆ లోహం అలా సముద్రంలోకి వస్తుంది. అంటే గాలి మారడానికి కనీసం కొన్ని కోట్ల ఏళ్ళ ముందే ఆక్సిజన్ అక్కడక్కడా తొంగిచూసి వెళ్ళిపోయింది. దక్షిణాఫ్రికాలోని పొంగోలా రాళ్ళు ఆ ఛాయలను 295 కోట్ల ఏళ్ళ దాకా వెనక్కి తీసుకెళ్తున్నాయి. వీటిలో ఒకటి రెండు రేపు తప్పని తేలినా తేలవచ్చు. కానీ ఇంకో సంగతి ఉంది, అది పుట్టిన తేదీ మీద ఆధారపడదు: గాలి మారిన తరువాత కూడా ఆక్సిజన్ స్థిరంగా నిలవలేదు. 2021లో పౌల్టన్ బృందం దక్షిణాఫ్రికా రాళ్ళ ఆధారంగా ఆక్సిజన్ వస్తూ పోతూ ఉండి, 222 కోట్ల ఏళ్ళ కిందటి దాకా కుదురుకోలేదని చెప్పింది. తయారు చేసేవాళ్ళు ఉన్నారు, వెలుతురు ఉంది, నీరు ఉంది, అయినా వెనక్కి పోయింది. తయారీ ఒక్కటే సరిపోతే వెనక్కి ఎందుకు పోతుంది?

ఈ ప్రశ్నకు సూక్ష్మజీవిని వెతికితే జవాబు దొరకదు. అగ్నిపర్వతాలు సముద్రం అడుగున పేలితే ఒకలా, నేల మీద పేలితే మరొకలా వాయువులు వదులుతాయి. 250 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి నేల మీద పేలేవి పెరగడం వల్ల ఆక్సిజన్‌ను మింగే వాయువులు తగ్గాయని కంప్, బార్లీ 2007లో వాదించారు. అంతకుముందు 2001లో కాట్లింగ్, జాన్‌లే, మెక్‌కే మరొక దారి చూపారు. అప్పటి గాలిలో మీథేన్ ఎక్కువ, దాన్ని సూర్యకాంతి చీల్చినప్పుడు హైడ్రోజన్ అంతరిక్షంలోకి తప్పించుకునేది, నీటి నుంచి హైడ్రోజన్ శాశ్వతంగా పోయిన కొద్దీ భూమి మొత్తంగా ఆక్సిజన్ వైపు ఒరిగింది. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ బరువు ఇవ్వాలో నేను తేల్చలేను, బహుశా రెండూ కలిసి పనిచేసి ఉంటాయి. రెండింటిలోనూ లెక్క మార్చింది మాత్రం బాక్టీరియా కష్టపడి ఇంకాస్త ఎక్కువ తయారు చేయడం కాదు.

ఇంకో అభ్యంతరం కూడా వినపడుతుంది: ఆ జీవులు లేకపోతే ఇవేవీ జరగవు కదా, వాటి ఘనత తగ్గించడం ఎందుకని. వాటి ఘనత తగ్గించాలని నాకు లేదు. నీటి అణువును వెలుతురుతో చీల్చడం జీవపరిణామంలో మనకు తెలిసినంతలో ఒకే ఒక్కసారి కుదిరిన విద్య. నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం పరమాణువులున్న చిన్న గుత్తి ఆ పని చేస్తుందని, దాని ఆకారాన్ని స్పష్టంగా 2011లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. నేటి వరి ఆకులోనూ అదే గుత్తి ఉంది, ఎందుకంటే ఆకులోని హరితరేణువు ఒకప్పుడు మరో కణం లోపల చేరిన సయనోబాక్టీరియానే. ఆ విద్య లేనిదే ఏమీ లేదు. కానీ అది ఉన్నంత మాత్రాన అంతా ఉన్నట్టు కాదు, అదే నా పట్టుదల.

వేంపల్లె రాళ్ళ దగ్గర

కడప జిల్లాలో వేంపల్లె చుట్టుపక్కల డోలమైట్ బయటపడ్డ చోట స్ట్రోమటోలైట్‌లు చూడవచ్చు. అరచేతి వెడల్పు గుమ్మటాలు ఒకదాని పక్కన ఒకటి, వాటిలో మిల్లీమీటరు మందం పొరలు ముదురు, లేత రంగుల్లో ఒకదాని మీద ఒకటి వంగి ఉంటాయి. ఒక్కో పొరా ఒకప్పుడు లోతు తక్కువైన సముద్రపు అడుగున జిగటగా పరుచుకున్న సూక్ష్మజీవుల చాప, దాని మీద పేరుకున్న సన్నని రేణువులు. ఈ పొరల పైన ఉన్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల అగ్నిశిల వయసు 188.5 కోట్ల ఏళ్ళని కొలిచారు కాబట్టి, వేంపల్లె స్ట్రోమటోలైట్‌లు అంతకంటే పాతవి. అయితే గాలిలోకి ఆక్సిజన్ వచ్చిన తరువాతివే. ఆ ఊళ్ళ చుట్టూ వీటిని దాటుకుని మేకలు తోలుకెళ్ళేవాళ్ళు ఉంటారు, ఎవరూ ఆగి చూడరు, ఆగమని చెప్పే బోర్డూ నాకు కనపడలేదు.

ఆ రాళ్ళ దగ్గర నాకు తట్టింది ఏమిటంటే, ఇక్కడ సూక్ష్మజీవులకు ఏ లోటూ లేదు. పొర మీద పొరగా, మీటర్ల మందాన అవి సంతోషంగా పెరిగాయి. అయినా అప్పటి గాలిలో ఆక్సిజన్ నేటి స్థాయికి చాలా తక్కువగా ఉండేది, ఆ తరువాత కూడా దాదాపు వంద కోట్ల ఏళ్ళ పాటు అలాగే ఉండిపోయింది. జంతువులు బతకగలిగేంతగా పెరగడం 80 నుంచి 54 కోట్ల ఏళ్ళ మధ్య జరిగిన రెండో మార్పు. అంత కాలం సయనోబాక్టీరియా పని ఆపలేదు, ఎక్కడి నుంచీ వలస పోలేదు. మిగులు మాత్రం పెరగలేదు. మూడోసారి పెరిగింది మొక్కలు నేల మీదికి వచ్చి, సులువుగా కుళ్ళని లిగ్నిన్‌ను తయారు చేసి, చిత్తడి నేలల్లో బొగ్గుగా పూడిపోయినప్పుడు. 30 కోట్ల ఏళ్ళ కిందట గాలిలో ఆక్సిజన్ 30 శాతం దగ్గరకు చేరిందనీ, డెబ్బై సెంటీమీటర్ల రెక్కల విస్తారం ఉన్న మెగన్యూరా అనే తూనీగలాంటి కీటకం అందుకే అంత పెరగగలిగిందనీ చాలామంది అనుకుంటారు. కీటకం సంగతి ఇంకా వాదనలోనే ఉంది.

ఇప్పుడు మనం ఆ పూడికను తవ్వి తీసి కాలుస్తున్నాం. అమెరికా శాస్త్రవేత్త రాల్ఫ్ కీలింగ్ 1990ల మొదటి నుంచీ గాలిలోని ఆక్సిజన్ ఎలా తగ్గుతోందో కొలుస్తున్నాడు. గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో ఏటా నాలుగు ఆక్సిజన్ అణువుల చొప్పున పోతోంది. ఊపిరాడకపోవడం గురించి ఎవరూ కంగారు పడనక్కరలేదు, దొరికే బొగ్గూ చమురూ అంతా కాల్చినా కొన్ని శాతాలకు మించి తగ్గదు. ప్రమాదం ఆ కాల్చడంలో పుట్టే కార్బన్ డయాక్సైడ్‌లో ఉంది. మొక్కలు నాటే సభల్లో ఆక్సిజన్ సిలిండర్ల లెక్క చెప్పడం మానేసి నీడా, నేల తేమా, పక్షుల సంగతి చెబితే వినేవాళ్ళు మొక్కకు నీళ్ళు పోయరని నేను అనుకోను.

ఈ వాదనకు భూమి బయట కూడా పని ఉంది. దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల గాలిలో ఆక్సిజన్ కనిపిస్తే అక్కడ జీవం ఉండవచ్చని ఖగోళ శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు, రాబోయే పెద్ద టెలిస్కోపుల లక్ష్యాల్లో అదీ ఒకటి. ఆక్సిజన్ కనపడకపోతే జీవం లేదని మాత్రం తీర్మానించలేం. 250 కోట్ల ఏళ్ళ కిందట ఎవరైనా అంత దూరం నుంచి మన భూమి గాలిని పరీక్షించి ఉంటే, సముద్రాలలో కిరణజన్య సంయోగక్రియ జోరుగా సాగుతున్నా, వాళ్ళకు మీథేన్, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ కనిపించేవి, ఆక్సిజన్ కనిపించేది కాదు.